లోపల వదిలిన రెండంగుళాలు

జనవరి 9

టేపుకి,

వదిన రాసేది. నా రాత కోడి గీకినట్టు ఉంటుందని నీకు తెలుసు. ఐదో తరగతి చదువు. తప్పులుంటే మనసులో దిద్దుకుని చదువుకో.

ముందు ఒక చిన్న సంగతి. స్నానాలగది అద్దం వెనక నా పట్టకారు ఒకటి ఉండేది, వెంట్రుకలు పీకేది. నువ్వు వెళ్ళిన రోజు నుంచి కనబడటం లేదు. దేనికోసం వెతుకుతున్నావని మీ అన్నయ్య అడిగితే సూది పోయిందన్నాను. నువ్వు గానీ చూశావా?

నువ్వు వెళ్ళి ఎనిమిది నెలలైంది. ఎందుకు వెళ్ళావో నాకెవరూ చెప్పలేదు. మీ అన్నయ్యని అడిగితే మిషను చప్పుడు పెంచుతారు. నిన్న గుండీల కొట్టు అక్కని గట్టిగా పట్టుకుంటే నీ అడ్రసు ఇచ్చింది. ఆమెకి చెప్పి వెళ్ళి నాకు చెప్పకుండా వెళ్ళావన్నమాట. ఉండనీ. నువ్వు రాసే జవాబు ఆ కొట్టుకే పంపు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అది మీ అన్నయ్య జేబులో ఉంటుంది.

దుకాణం బాగానే నడుస్తోంది. కాజాలు, గుండీలు, అంచుల చేతికుట్టు అన్నీ నావే. మొన్న ఒక బడిపిల్ల యూనిఫాం పూర్తి చేసి, లోపల మిగిలిన గుడ్డ చక్కగా కత్తిరించేశాను. శుభ్రంగా ఉందని మెచ్చుకుంటారనుకున్నాను. మీ అన్నయ్య నెత్తిన చేతులు పెట్టుకున్నారు. "ఎదిగే పిల్లలకి లోపల రెండంగుళాలు వదలాలమ్మా! మనం కుట్టేది ఇవాళ్టి ఒంటికొక్కదానికే కాదు" అన్నారు. ఆయన ఒక రోజులో మాట్లాడింది అంతే.

ఇక అసలు సంగతి. నువ్వు హార్మోన్ల మందులు వాడుతున్నావని అక్క అంది. నీకు మగ హార్మోను తక్కువైందా? అందుకేనా అంత సన్నగా, మెత్తగా ఉండేవాడివి? దానికి ఇల్లు వదలాలా? ఇక్కడ డాక్టరమ్మ మంచిది. నువ్వు మింగే మందు పేరు రాయి, చూపించి అడుగుతాను. ఒక ఇంజెక్షనుతో పోయేదానికి ఇంత దూరం ఎందుకు?

తిండి మానకు.

మీ వదిన

*

జనవరి 27

వదినా,

నీ పట్టకారు తెచ్చింది నేనే. దొంగ దొరికింది.

నువ్వు కనుబొమలకి వాడతావనుకున్నాను. రోజూ నీకంటే ముందు లేచి, గడ్డం మీద మొలిచినవి మొలిచినట్టు పీకి, తుడిచి, నువ్వు పెట్టిన వైపే మళ్ళీ పెట్టేదాన్ని. మూడేళ్ళు ఒక్కరోజు కూడా నీకు అనుమానం రాలేదంటే నా పనితనం చూడు. వెళ్ళే రోజు జేబులో వేసుకున్నాను. ఆ ఇంట్లో నా రహస్యం తెలిసిన వస్తువు అదొక్కటే, వదిలి రావడానికి మనసొప్పలేదు.

ఇప్పుడు నువ్వు అడిగినదానికి జవాబు. నాకు ఏ హార్మోనూ తక్కువ లేదు. ఇక్కడ మొదట రక్తపరీక్ష చేశారు. మగవాడికి ఎంత ఉండాలో అంతా ఉంది. డాక్టరు కాగితం చూసి "అన్నీ సరిగ్గా ఉన్నాయి" అంటే నాకు ఏడుపొచ్చింది. నేనూ నీలాగే అనుకున్నాను వదినా, ఏదో తక్కువై ఇలా ఉన్నానేమో, అది దొరికితే అన్నయ్యకి చూపించవచ్చు అని. కాగితంలో ఏమీ దొరకలేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ నాకు తెలిసింది ఒక్కటే, నేను ఆడపిల్లని. అది చెప్పడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది.

అన్నయ్యకి చెప్పాను. అదే నేను వెళ్ళడానికి ముందు రోజు. ఆయన కోటు కత్తిరిస్తున్నాడు. "అన్నయ్యా, నేను లోపల ఆడపిల్లని" అన్నాను. తల ఎత్తలేదు. "నీ కొలతలు నాకు తెలియవా? పోయి గుండీలు కుట్టు" అన్నాడు. అంతే. తిట్టినా ఉండేదాన్నేమో. అమ్మానాన్నా పోయాక నన్ను పెంచిన మనిషి. నా మెడలో టేపు వేసి నా మీదే కొలతలు నేర్చుకున్న మనిషి. మగవాళ్ళ కొలతలు రాసే ఆయన నీలం పుస్తకంలో మొదటి పేజీ నాది.

ఇప్పుడు ఒక ఆసుపత్రి బట్టల గదిలో పని. చిరిగిన దుప్పట్లకి మాసికలు, రోగుల గౌన్లకి నాడాలు. ఆ గౌన్లకి ఆడామగా తేడా లేదు వదినా, అందరికీ ఒకటే కొలత, అందరికీ వీపు వెనక ముడి, అందరికీ వెనక నుంచి చలిగాలి. ఆ గుట్ట చూసినప్పుడల్లా అన్నయ్య ఏమంటాడో అని నవ్వొస్తుంది.

మందు రెండు రకాలు. ఒకటి మగ హార్మోను పని చేయకుండా ఆపేది, రెండోది ఆడ హార్మోను. డాక్టరు చూసి ఇచ్చినవే, మూడు నెలలకోసారి రక్తం చూస్తారు. వీటితో గొంతు మారదు, గడ్డం రాలిపోదు. అందుకే పట్టకారు ఇంకా కావాలి. నా ఒళ్ళు రెండోసారి ఎదుగుతోందట, పదమూడేళ్ళ పిల్లకి ఎదిగినట్టు. ఛాతీకి తలుపు తగిలితే ప్రాణం పోతుంది. మొన్న దిండు గలీబు చిరిగిందని ఏడ్చాను. మందు పేరు రాయడం నాకూ కష్టమే, మొదటి దాని ఖాళీ మాత్రల రేకు కవరులో పెడుతున్నాను. దయచేసి ఎవరికీ చూపించకు.

టేపు

*

ఫిబ్రవరి 11

టేపుకి,

నీ ఉత్తరం గుండీల కొట్టులో నిలబడే చదివాను. సగంలో అక్క స్టూలు వేసింది. "ప్రేమలేఖా ఏంటే?" అంది. దారాల డబ్బా కొన్నట్టు నటించాను. ఈ నెలలో ఇది మూడోసారి. ఉత్తరం వచ్చిందో లేదో చూడాలంటే ఏదో ఒకటి కొనాలి కదా. మీ అన్నయ్య నిన్న లెక్క చూసి, "ఈ దుకాణంలో చొక్కాల కంటే గుండీలు ఎక్కువయ్యాయే" అన్నారు.

నువ్వు రాసింది నాకు సగమే అర్థమైంది. అర్థమైన సగానికి నాకు కోపం రాలేదు. అది ముందు చెప్తున్నాను.

ఇంకొకటి చెప్పాలి. రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆ పట్టకారు కనుబొమలకి కాదు. నాకు గడ్డం కింద వెంట్రుకలు మొలుస్తాయి. మొద్దువి, నల్లవి. పెళ్ళికి ముందు నుంచీ ఉన్నాయి. మా అమ్మ ఎవరికీ చెప్పవద్దంది. మీ అన్నయ్య లేవకముందే పీక్కుంటాను, ఎండాకాలంలో కూడా మెడకి స్కార్ఫు కడతాను. నువ్వు నాకంటే ముందు లేచేదానివని ఇప్పుడు తెలిసింది. ఒకే అద్దం, ఒకే పట్టకారు, ఒకరి తర్వాత ఒకరం. ఒక్కరోజు ఎవరో ఒకరం ఆలస్యంగా లేచి ఉంటే ఎంత బాగుండేది!

సరే, అయిందేదో అయింది. నువ్వు ఆడపిల్లవి అంటున్నావు, ఆడ హార్మోను వేసుకుంటున్నావు. అయితే ఇక పెళ్ళి సంగతి చూడాలి. నువ్వు కోప్పడకపోతే ఒక మాట. గుండీల అక్కకి తమ్ముడున్నాడు. భార్య పోయింది. మంచివాడు, పళ్ళు కొంచెం ఎత్తు. అక్కని ఊరికే పైపైన కదిపి చూశాను, నీ పేరెత్తలేదు. నీకొక మనిషి తోడుంటే మీ అన్నయ్య కూడా మెత్తబడతారని నా ఆశ.

రేకు నా పెట్టెలో గుడ్డల అడుగున దాచాను.

మీ వదిన

*

ఫిబ్రవరి 24

వదినా,

నీ ఉత్తరం చదివి పడీపడీ నవ్వాను. పక్క మిషను ఆవిడ నీళ్ళు తాగించింది. ఆ ఎత్తుపళ్ళాయనకి నా నమస్కారాలు. ఆయన్ని వదిలెయ్యమని చెప్పు.

తర్వాత నీ గడ్డం సంగతి మళ్ళీ చదివాను. అప్పుడు నవ్వు రాలేదు. నువ్వు ఎండలో స్కార్ఫు కట్టుకుంటే సిగ్గనుకున్నాను. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళు వదినా. చాలామందికి ఉంటుంది, మందు ఉంది. గుండీల అక్కని తోడు తీసుకెళ్ళు. వెళ్ళకపోతే నా మీద ఒట్టు.

పెళ్ళి సంగతి. నేను ఆడపిల్లనన్నాను గానీ మగవాళ్ళు కావాలనలేదు. మాత్రలు మొదలుపెట్టాక అటు మనసు మళ్ళుతుందేమోనని నేనూ కనిపెట్టి చూశాను. కొందరికి మారుతుందట. నాకు మారలేదు. నాకు ముందు నుంచీ ఆడవాళ్ళే నచ్చుతారు. ఇక్కడ అంబులెన్సు నడిపే ఆవిడ ఉంది. పొట్టిగా ఉంటుంది, సీటు మీద దిండు వేసుకుంటే గానీ రోడ్డు కనబడదు. ఆ దిండు గలీబు కుట్టడానికి నా దగ్గరికి వచ్చింది. కుట్టాను. వారానికే మళ్ళీ చించుకొచ్చింది. నాలుగోసారికి నాకు అర్థమైంది, గుడ్డ అంత త్వరగా చిరగదని. ఇద్దరం ఇప్పుడు ఒకే మేడ మీద గదిలో ఉంటున్నాం.

ఒక మంచి కబురు. జూన్ పదో తేదీన నాకు కొత్త ఉద్యోగం కార్డు ఇస్తారు. కొత్త పేరు, కొత్త ఫొటో. నువ్వు మాత్రం టేపూ అనే పిలువు. ఫొటోకి వేసుకోవడానికి నాకు ఒక మంచి బ్లౌజు లేదు. కొన్నవేవీ పట్టవు. నా భుజాలు వెడల్పు, చేతులు ఎత్తితే చంకలో పుటుక్కుమంటాయి. పుట్టిన దగ్గర్నుంచి అన్నయ్య కుట్టినవే తొడిగాను, బజారు బట్ట ఎలా ఉంటుందో కూడా తెలియదు. నాకు మాసికలు వచ్చు, కత్తిరింపు రాదు. ఆయన నేర్పలేదు, నేను అడగలేదు.

ఆ ఫొటోలో అన్నయ్య చేతి కుట్టు తొడుక్కోవాలని ఉంది. జరగదని తెలుసు. నీకు తప్ప ఎవరికి చెప్పను?

టేపు

*

మార్చి 6

టేపుకి,

నాకు తల తిరిగిపోతోంది. ఉన్నదున్నట్టు అడుగుతాను.

నీకు ఆడవాళ్ళే నచ్చితే మగవాడిగానే ఉండొచ్చుగా? అప్పుడు ఆమెని అందరి ముందూ పెళ్ళి చేసుకోవచ్చు. ఇల్లు వదలక్కర్లేదు, మందులక్కర్లేదు, మీ అన్నయ్యతో మాటలు పోవు. ఇంత చుట్టు తిరిగి చివరికి ఆడదాని దగ్గరికే వెళ్ళడానికా ఇదంతా? ఇప్పుడైనా మాత్రలు మానేస్తే మళ్ళీ మామూలైపోతావు కదా?

నీ మంచికే చెప్తున్నాను.

మీ వదిన

*

ఏప్రిల్ 2

టేపుకి,

నాలుగు వారాలైంది. కొట్టుకి ఆరుసార్లు వెళ్ళాను. ఎర్రగుండీలు, తెల్లగుండీలు, ముత్యాల్లాంటివి, చెక్కవి, అన్నీ కొన్నాను. ఉత్తరం లేదు. నోరు జారానని తెలుస్తోంది గానీ ఎక్కడ జారానో తెలియడం లేదు. ఐదో తరగతి బుర్ర.

నువ్వు ఒట్టు పెట్టావని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. అక్క తోడొచ్చింది. స్కార్ఫు విప్పమంటే ఏడ్చేశాను. ఆమె చూసి, "ఇంతేనా?" అంది. ఏడేళ్ళు దాచుకున్నదాన్ని ఆమె ఇంతేనా అంది! రక్తం తీశారు, కడుపు మీద ఏదో పూసి మిషనుతో చూశారు. వారం తర్వాత రమ్మన్నారు.

"నీకు మగ హార్మోను కొంచెం ఎక్కువగా ఉంది" అంది డాక్టరమ్మ.

టేపూ, ఆ తర్వాత చెప్పిందేదీ వినలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. నేను మగవాడినైపోతున్నానా? మీ అన్నయ్యకి తెలిస్తే? అక్క నన్ను లోపలికి లాక్కెళ్ళి, "ఇదిగో, ఇది మగాడైపోతోందట, చూడండి" అంది. డాక్టరమ్మ నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది. ఆడవాళ్ళందరిలో మగ హార్మోను ఉంటుందట, మగవాళ్ళందరిలో ఆడ హార్మోను ఉంటుందట, ఎక్కువ తక్కువలే తేడా. "అది నీ గడ్డం మీద వెంట్రుక మొలిపించగలదు, నెలసరి తప్పించగలదు. నువ్వు ఆడదానివో కాదో రక్తపరీక్షలో కనబడదు. అది నువ్వే చెప్పాలి. ఏం, నీకేమైనా అనుమానంగా ఉందా?" అంది.

నాకు అనుమానం లేదు. ఎంత వెతుక్కున్నా లేదు. పొద్దున్న అద్దంలో ఆ వెంట్రుకలు చూసినప్పుడు, ఇవి నా మొహం మీద ఎందుకున్నాయి, ఇవి నావి కావు అనిపిస్తుంది గానీ నేను ఆడదాన్ని కాదని ఏనాడూ అనిపించలేదు.

మాత్రలు రాసింది. ఇవి వాడుతున్నన్నాళ్ళు కడుపు రాకూడదని, పిల్లలు కావాలనుకున్నప్పుడు ముందే చెప్పి మానాలని రెండుసార్లు చెప్పింది. ఇంటికొచ్చి పెట్టె అడుగున దాద్దామని గుడ్డలు ఎత్తితే నీ రేకు కనబడింది.

రెండూ పక్కపక్కన పెట్టాను. నాకు ఆ భాష రాదు కదా, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చూశాను. మొదటి అక్షరం, రెండోది, మూడోది. అన్నీ ఒకటే. నీ మాత్రా నా మాత్రా ఒకటే టేపూ.

నా మొహం మీద నావి కానివి మొలిస్తే ఈ మాత్ర ఇచ్చారు. నీకూ అదే ఇచ్చారు. నేను మింగితే వైద్యం, నువ్వు మింగితే మీ అన్నయ్య మాట్లాడరు. ఇదెక్కడి న్యాయం?

నేను అడిగింది తప్పయితే తప్పని రాయి. రాయకుండా ఉండకు.

మీ వదిన

*

ఏప్రిల్ 14

వదినా,

కోపమొచ్చింది. అబద్ధం చెప్పను. మూడు జవాబులు రాసి చించేశాను. దిండావిడ అడ్డుపడింది. "అడిగితే తప్పేంటి? మొదట్లో నేనూ అదే అడిగాను కదా. నా మీద కోపం రాలేదే?" అంది. నీ మీద ఎక్కువ కోపమొచ్చింది ఎందుకంటే నువ్వు నా మనిషివి. అప్పుడే నీ ఉత్తరం వచ్చింది. రేకుల సంగతి సగం వరకు నేను ఆమెకి చదివి వినిపించాను, మిగతాది ఆమె చదివింది.

నువ్వు అడిగినదానికి ఇప్పుడు చెప్తాను. నువ్వు అన్నయ్యని ఇష్టపడ్డావు కాబట్టి ఆడదానివయ్యావా? పెళ్ళికి ముందు, ఎవరూ నచ్చకముందు, బడికి వెళ్ళే రోజుల్లో నువ్వెవరివి? ఆడపిల్లవే కదా. ఎవరి పక్కన కూర్చోవాలనిపిస్తుందో అది ఒకటి. కూర్చునే మనిషి ఎవరో అది వేరొకటి. మగవాడిగా నటిస్తూ ఆమె పక్కన కూర్చుంటే, అక్కడ కూర్చున్నది నేను కాదు.

మాత్రలు మానేస్తే మామూలైపోతావా అన్నావు. మాత్రలు లేని ఇరవై రెండేళ్ళూ నేను ఇదే వదినా. మాత్ర నన్ను ఆడపిల్లని చేయలేదు, నీ మాత్ర నిన్ను చేయనట్టే. నా ఒంటిని నాకు కాస్త దగ్గరగా జరిపింది, అంతే.

ఒకటి మాత్రం గుర్తుంచుకో. పేరు ఒకటే అయినా నా మోతాదు వేరు, నీది వేరు. అయిపోయాయని నావి అడగకు, నీవి పంపకు. నిన్ను నాకు తెలుసు, డబ్బాలో పెట్టి పంపేస్తావు.

అన్నయ్యకి నా రేకు చూపించాలనుంటే చూపించు. నాకు భయం లేదు. కానీ నీ సంగతి చెప్పడం నీ ఇష్టం. నాకోసం నీ స్కార్ఫు విప్పక్కర్లేదు.

టేపు

*

మే 1

టేపుకి,

విప్పాను.

వారం కిందట, మధ్యాహ్నం షట్టరు సగం దించి ఉన్నాం. మీ అన్నయ్య బల్ల మీద కోటు గుడ్డ పరిచి సుద్దతో గీస్తున్నారు. నేను వెళ్ళి ఆ గుడ్డ మీదే రెండు రేకులూ పెట్టాను. ఆయన మంచి గుడ్డ మీద ఏదైనా పెడితే మండిపడతారని నీకు తెలుసు.

"ఏంటివి?"

"ఒకటి నాది. ఒకటి మీ టేపుది. రెండూ ఒకటే మందు."

సుద్ద ఆగింది. నేను స్కార్ఫు తీసి మిషను మీద పడేశాను. ఆ రోజు పొద్దున్న పీక్కోలేదు, కావాలనే.

"నాకు రక్తంలో మగ హార్మోను ఎక్కువట. అందుకని గడ్డం మొలుస్తుంది. ఇన్నేళ్ళు మీకు తెలియకుండా పీక్కున్నాను" అన్నాను.

ఆయన నన్ను చూసి ఏమన్నారో తెలుసా? "కంటితో చూసి అంగుళం చెప్పేవాణ్ణి. పెళ్ళాం గడ్డం కనబడదా? పెళ్ళైన వారానికే చూశాను."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు దాచుకుంటున్నావు కదా. దాచుకున్నది చూశానని ఎలా చెప్పేది? సూది పోయిందని ఎనిమిది నెలలు అద్దం వెనక వెతికితే నేను నమ్మాననుకున్నావా?"

టేపూ, నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. కానీ నేను వెళ్ళింది నాకోసం కాదు. అందుకే అడిగాను.

"మగ హార్మోను ఎక్కువుంది కదా. మరి నేను మగాణ్ణా?"

"పిచ్చా నీకు?"

"కాదని మీకెలా తెలుసు?"

"ఎలా తెలుసంటే ఏం చెప్తాం! నువ్వెవరో నీకు తెలియదా? నువ్వు చెప్పాక ఇంకొకడు కాదనేదేముంది?"

అన్నాక ఆయన చేతిలో సుద్ద బల్ల మీద పెట్టేశారు. నేను ఒక్క మాటే అన్నాను. "టేపు కూడా మీకు చెప్పింది. ఇదే బల్ల దగ్గర."

రేకులు మడిచి నా చేతిలో పెట్టారు. ఆ రోజు, మర్నాడు, ఆ మర్నాడు ఒక్క మాట లేదు. మిషను చప్పుడు కూడా లేదు. ఇక అంతా పాడు చేశాననుకున్నాను.

ఐదో రోజు నేను కాజాలు కుడుతున్నాను. ఆయన నా వైపు వీపు పెట్టి నిలబడి అడిగారు. "ఆ భుజం వెడల్పే కదా? రెడీమేడ్ పట్టదు."

"పట్టడం లేదట" అన్నాను. "చంకలో చిరుగుతోందట. జూన్ పదో తేదీన ఫొటో ఉందట."

"నాకు తెలిసినవి పాత కొలతలు" అన్నారు. "కొత్తవి రాసి పంపమను."

ఎవరి కొలతా అడగని మనిషి టేపూ! గుమ్మంలో నిలబడ్డవాణ్ణి కంటితో చూసే కొలతలు పుస్తకంలో రాసుకునే మనిషి! తర్వాత బల్ల సర్దుతుంటే చూశాను. ఆడవాళ్ళ కొలతలు రాసే ఎర్ర పుస్తకంలో ఒక కొత్త పేజీ తెరిచి ఉంది. పైన టేపు అని నీ పేరు. కింద భుజం, ఛాతీ, నడుము, చెయ్యి, మెడ లోతు ముందు, మెడ లోతు వెనక. పక్కన అన్నీ ఖాళీ.

వెంటనే రాయి.

మీ వదిన

*

మే 9

వదినా,

భుజం పదిహేడు. ఛాతీ ముప్పై ఎనిమిది. నడుము ముప్పై రెండు. చెయ్యి పొడవు ఇరవై మూడున్నర. మెడ లోతు ముందు ఆరు, వెనక నాలుగు. వెనక వైపు కొలతలు నాకు అందలేదు, దిండావిడ స్టూలెక్కి తీసింది. ఆమెకి అంగుళాలు రావు, రెండుసార్లు తప్పు చెప్పింది, మూడోసారి సరిచూశాను.

ఛాతీ కొలత నిలకడ లేదని అన్నయ్యకి చెప్పడం ఎలాగో నాకు తెలియడం లేదు. ఇంకా ఎదుగుతుందని డాక్టరు అంటున్నారు. అది రాయాలంటే సిగ్గేస్తోంది. నువ్వే ఏదో ఒకటి చెప్పు.

ఈ కాగితం మీద రెండుచోట్ల సిరా చెదిరింది. చెమటనుకో.

టేపు

*

మే 22

మా ఆడపడుచుకి,

పార్సిలు అందగానే ముందు చంకలు చూసుకో. మీ అన్నయ్య అక్కడ వేరే ముక్క వేసి కుట్టారు, చేతులు పైకెత్తి ఎగిరినా చిరగదట. "అంబులెన్సు వెనక పరుగెత్తాలేమో, ఎవరికి తెలుసు" అన్నారు. దిండావిడ సంగతి నేను ముందే చెప్పాను. ఆ కబురుకి ఆయన చాలాసేపు చెవి గోక్కున్నారు. తర్వాత, "బండి నెమ్మదిగా నడపమను" అన్నారు. ఇప్పటికి అంతే. మిగతాది మెల్లగా వస్తుంది.

కత్తిరించే ముందు ఒకటే అడిగారు, మొహం చూడకుండా. "గుండీలు ఎటు?" మగ చొక్కాకి కుడివైపు, ఆడవాళ్ళకి ఎడమవైపు కదా. "ఎడమవైపు" అన్నాను. సుద్ద పెట్టి గుర్తు వేశారు. కాజాలు నేను కుట్టాను. ఒక్కొక్కటి రెండుసార్లు విప్పి కుట్టాను, నా జన్మలో అంత చక్కని కాజాలు రాలేదు. గుండీలు ఐదూ ఐదు రకాలు. నీ ఉత్తరాల కోసం వెళ్ళినప్పుడు కొన్నవే, ఒక్కో ఉత్తరానికి ఒకటి ఏరాను. ఎర్రది మాత్రం ఉత్తరం రాని నెలది. అదీ ఉండాలని పెట్టాను. ఫొటోలో కనబడుతుందో లేదో గానీ నువ్వు వేలితో తడిమి చూసుకో.

పట్టకారు తిరిగి పంపకు. మీ అన్నయ్య నాకు కొత్తది తెచ్చారు. అద్దం వెనక కాదు, ముందే పెట్టారు. గుండీల కొట్టుకి కూడా ఇక పంపక్కర్లేదు, ఇంటికే రాయి. అక్క కొట్టుకి గిరాకీ పోయిందని ఏడుస్తోంది.

నీ ఛాతీ కొలత సంగతి నేను చెప్పలేకపోయాను. రెండుసార్లు బల్ల దగ్గరికి వెళ్ళి వెనక్కి వచ్చాను. బ్లౌజు పూర్తయ్యాక చేతికుట్టుకి నా చేతికిచ్చారు. తిరగేసి చూస్తే పక్క కుట్లలో లోపల బోలెడు గుడ్డ వదిలి ఉంది. రెండు వైపులా, రెండేసి అంగుళాలు. మరిచిపోయారేమోనని, "కత్తిరించేయనా?" అన్నాను.

"ఉండనీ" అన్నారు. "ఎదిగే పిల్ల."

మీ వదిన